డిస్క్‌పార్ట్‌తో హార్డ్ డిస్క్‌ని భాగాలు చేసుకోవడం: మొదటి కమాండ్ నుంచి చివరి దాకా

మా షాపు పర్లాకిమిడిలో ఉంది. జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ ఫారాలు చేస్తాం. ఊరి అంచు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. పొద్దున ఒడియాలో అఫిడవిట్ టైప్ చేస్తాం, మధ్యాహ్నం తెలుగులో శుభలేఖ, సాయంత్రం ఇంగ్లిష్‌లో బయోడేటా. తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి ఆకృతి ఫాంట్లు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో ఆ ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు తప్ప ఒక్క అక్షరం కనిపించదు. అందుకని ఫైళ్ళు, ఫాంట్లు, పాత సాఫ్ట్‌వేర్ల సెటప్‌లు అన్నీ కలిపి ఒకచోట పెట్టుకోవాలి. విండోస్ ఎన్నిసార్లు పాడైనా ఆ చోటు అలాగే ఉండాలి.

కొత్త కంప్యూటర్ కొంటే చాలాసార్లు సీ డ్రైవ్ ఒక్కటే కనిపిస్తుంది. విండోస్ అందులోనే, శుభలేఖలూ అందులోనే. ఏదో ఒక రోజు విండోస్ తెరుచుకోదు. బాగుచేసే కుర్రాడు సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి మళ్ళీ ఎక్కిస్తాడు. వాడి తప్పేం లేదు, వాడికి అప్పగించిన పనే అది. పోయేది మన పదేళ్ళ పని. డిస్క్‌ని ముందే రెండు భాగాలు చేసి ఉంటే విండోస్ ఉన్న భాగం ఒక్కటే ఫార్మాట్ అయ్యేది. ఈ పనికి విండోస్‌తో పాటే వచ్చే డిస్క్‌పార్ట్ అనే కమాండ్ చాలు. ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. దాన్ని వాడే పద్ధతంతా కింద రాస్తున్నాను.

ఒక్క మాట. కమాండ్లన్నీ తెలుగు లిపిలోనే రాశాను. అన్నీ రోజూ వినే ఇంగ్లిష్ మాటలే: లిస్ట్, సెలెక్ట్, క్లీన్, క్రియేట్, ఫార్మాట్. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. చిన్న అక్షరాలా పెద్ద అక్షరాలా అన్న పట్టింపు లేదు. జనం మాట్లాడే మాటల్లోనే చదువు చెప్పాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. కాబట్టి దుకాణంలో మేం అనే మాటలే ఇక్కడా వాడతాను.

పార్టిషన్ అంటే ఏమిటి

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది. అప్పుడు పర్లాకిమిడి ఊరు ఒడిశాకి వచ్చింది, పర్లాకిమిడి ఎస్టేట్‌లో కొంత భాగం మద్రాసు వైపు ఉండిపోయింది. ఆ రోజు ఒక్క పొలం కూడా జరగలేదు. వరి మడి ఉన్నచోటే ఉంది, ఏరు పారేచోటే పారింది. మారింది కాగితం మీది గీత. డిస్క్‌లో పార్టిషన్ కూడా అచ్చంగా అలాంటి గీతే. డిస్క్ మొదట్లో ఒక చిన్న పట్టిక ఉంటుంది. మొదటి భాగం ఇక్కడ మొదలై ఇక్కడ ముగుస్తుంది, రెండోది ఇక్కణ్ణుంచి అక్కడిదాకా అని అందులో రాసి ఉంటుంది. పార్టిషన్ చెరిపితే పోయేది ఆ పట్టికలోని వరుస. లోపలి ఫైళ్ళు కాసేపు ఉన్నచోటే ఉంటాయి, కాకపోతే వాటికి దారి పోతుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి. పొరపాటు జరిగిన రోజు కాపాడేది ఇదే.

ఆ పట్టిక రాయడానికి రెండు పద్ధతులున్నాయి. ఎంబీఆర్ పాతది, 1983లో డాస్ రోజుల్లో వచ్చింది. అందులో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకే చోటు. డిస్క్ ఎంత పెద్దదైనా మామూలుగా 2 టీబీ దాటి లెక్కపెట్టలేదు. జీపీటీ కొత్తది. విండోస్‌లో 128 పార్టిషన్ల దాకా ఒప్పుకుంటుంది, పట్టిక నకలు ఒకటి డిస్క్ చివర కూడా ఉంచుతుంది. నా సలహా: కొత్త డిస్క్ అయితే కళ్ళు మూసుకుని జీపీటీ చేయండి. విండోస్ ఎక్స్‌పీ నడిచే పాత కంప్యూటర్‌కి కూడా అదే డిస్క్ తగిలించాల్సి వస్తేనే ఎంబీఆర్. మా దగ్గర డీటీపీకి వాడే పాత పేజ్‌మేకర్ కోసం అలాంటి కంప్యూటర్ ఒకటి ఇంకా నడుస్తోంది, అందుకే దీన్ని ప్రత్యేకంగా చెప్తున్నాను.

మౌస్‌తో చేసే డిస్క్ మేనేజ్‌మెంట్ ఉండగా కమాండ్ ఎందుకని అడుగుతారు. మామూలు పనికి అదే చాలు, వాడండి. కానీ కొన్నిచోట్ల అందులో డిలీట్ బటన్ బూడిద రంగులో ఉండి నొక్కబడదు. విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్‌ని మళ్ళీ మామూలు పెన్‌డ్రైవ్ చేయాలన్నా, అసలు విండోసే తెరుచుకోకపోయినా డిస్క్‌పార్టే దిక్కు. విండోస్ ఇన్‌స్టాల్ చేసే స్క్రీన్ మీద షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్ల కిటికీ వస్తుంది, అక్కడ కూడా ఇది పనిచేస్తుంది.

మొదలుపెట్టే ముందు

ముందు బ్యాకప్. ఉన్న డిస్క్ మీద ఏ మార్పు చేయాలన్నా ముఖ్యమైన ఫైళ్ళు వేరే డిస్క్‌లోకి కాపీ చేయండి. అదే డిస్క్‌లోని ఇంకో భాగంలోకి చేసిన కాపీని బ్యాకప్ అనరు. కాపీ అయ్యాక ఆ రెండో డిస్క్ నుంచి నాలుగు ఫైళ్ళు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే కాపీ అయినట్టు లెక్క.

తర్వాత కరెంటు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాని ఊడ్చేసినప్పటి నుంచి కరెంటు విషయంలో మాకు ధీమా పోయింది. సీ డ్రైవ్‌ని తగ్గించేటప్పుడు విండోస్ ఫైళ్ళని ఒకచోట నుంచి ఇంకోచోటికి జరుపుతుంది. ఆ మధ్యలో కరెంటు పోవడం అంటే గంప నెత్తిన పెట్టుకుని ఏరు దాటుతూ కాలు జారడమే. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండుగా ఉండాలి, చార్జర్ కూడా పెట్టి ఉంచాలి.

మూడోది, ఈమధ్య ల్యాప్‌టాప్‌లలో బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ, అంటే డిస్క్‌లోని ఫైళ్ళకి తాళం వేసే ఏర్పాటు, మనకి తెలియకుండానే ఆన్ అయి ఉండవచ్చు. సీ డ్రైవ్ బొమ్మ మీద తాళం గుర్తు ఉంటే దాని రికవరీ కీ 48 అంకెలు ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. పని అయ్యేదాకా బిట్‌లాకర్‌ని సస్పెండ్‌లో పెట్టండి. తేడా వచ్చి విండోస్ ఆ కీ అడిగినప్పుడు లేకపోతే ఫైళ్ళు డిస్క్‌లో ఉండీ లేనట్టే.

నాలుగోది చిన్న పని. దిస్ పీసీలో సీ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టూల్స్, అక్కడ చెక్ అనే బటన్. డిస్క్‌లో తప్పులుంటే ముందు అవి సరిచేయించండి. చెదపట్టిన గోడకి కొత్త తలుపు పెట్టకూడదు.

డిస్క్‌పార్ట్ తెరవడం

స్టార్ట్ మెనూలో సీఎండీ అని వెతకండి. కమాండ్ ప్రాంప్ట్ కనిపిస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కండి, అడిగితే ఎస్ చెప్పండి. నల్ల కిటికీలో ఇది కొట్టి ఎంటర్ చేయండి:

డిస్క్‌పార్ట్

లైను మొదట్లో డిస్క్‌పార్ట్ అనే పేరు, పక్కన బాణం గుర్తు వస్తే లోపలికి వచ్చినట్టు. ఇక్కణ్ణుంచి బయటపడే దాకా కొట్టే ప్రతి మాటా డిస్క్‌కే తగులుతుంది.

సరైన డిస్క్‌ని గుర్తుపట్టడం

ఈ భాగాన్ని నిదానంగా చదవండి. మిగిలిన కమాండ్లు మర్చిపోయినా మళ్ళీ చూసుకోవచ్చు, ఇక్కడ తప్పితే మాత్రం వెనక్కి రావడం కష్టం.

లిస్ట్ డిస్క్

ఇది కొడితే డిస్క్ 0, డిస్క్ 1, డిస్క్ 2 అని వరుసలు వస్తాయి. ప్రతి వరుసలో డిస్క్ స్థితి, మొత్తం సైజు, ఎవరికీ ఇవ్వని ఖాళీ, చివర జీపీటీ అనే గడి. ఆ గడిలో నక్షత్రం గుర్తు (*) ఉంటే అది జీపీటీ డిస్క్, లేకపోతే ఎంబీఆర్.

సైజు చూసి కంగారు పడకండి. అట్ట పెట్టె మీద 1 టీబీ అని ఉంటుంది, ఇక్కడ 931 జీబీ చూపిస్తుంది. 500 జీబీ డిస్క్ 465గా కనిపిస్తుంది. ఎవరూ దొంగిలించలేదు. తయారుచేసేవాళ్ళు 1000తో లెక్కపెడతారు, విండోస్ 1024తో లెక్కపెడుతుంది. మా షాపులో వారానికి ఒకరైనా ఈ ప్రశ్న వేస్తారు.

ఇప్పుడు అసలు సంగతి. డిస్క్ 1 అనే నంబరు ఆ డిస్క్ పేరని అనుకోకండి. అది క్యూలో నిలబడ్డ చోటు మాత్రమే. ఒక పెన్‌డ్రైవ్ తీసి ఇంకోటి పెట్టినా, కంప్యూటర్ రీస్టార్ట్ చేసినా నిన్నటి డిస్క్ 1 ఇవాళ డిస్క్ 2 కావచ్చు. నేను దెబ్బతిన్నది ఇక్కడే.

అది పెళ్ళిళ్ళ సీజన్. ఫోటో స్టూడియో తమ్ముడు ఒకడు తన ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చాడు, ఆల్బమ్ కవర్ డిజైన్ కోసం. అదే సమయానికి నేను కొత్తగా కొన్న డిస్క్‌ని సిద్ధం చేస్తున్నాను. రెండూ 1 టీబీయే, రెండూ 931 జీబీయే చూపిస్తున్నాయి. తమ్ముడిది పెట్టక ముందు నా డిస్క్ నంబరు 2. మధ్యలో ఎవరో జిరాక్స్‌కి వస్తే లేచాను, కేబుల్ తగిలి నా డిస్క్ ఊడింది, మళ్ళీ పెట్టాను. వచ్చి కూర్చుని లిస్ట్ మళ్ళీ చూడకుండా 2ని సెలెక్ట్ చేసి క్లీన్ కొట్టాను. క్లీన్ కమాండ్ ఎస్సా నోనా అని అడగదు. ఎంటర్ నొక్కిన రెండు సెకన్లలో పని అయిపోయిందని చెప్తుంది. తమ్ముడి డిస్క్ ఖాళీగా కనిపించింది.

“ఏటైంది అన్నా?” అన్నాడు వాడు నా మొహం చూసి.

“తమ్ముడూ, నీ డిస్క్ మీద తప్పు చేశాను. ఇంక ఎవరూ దాన్ని ముట్టుకోవద్దు,” అన్నాను.

ఆ రోజు టెన్షన్‌తో నాకు అన్నం దిగలేదు. తర్వాత ఏం చేశానో పొరపాట్ల దగ్గర చెప్తాను. ఆ రోజు నుంచి మాత్రం డిస్క్‌ని మూడు గుర్తులతో పోల్చుకున్నాకే క్లీన్ జోలికి వెళ్తున్నాను. మీరూ అలాగే చేయండి.

మొదట, ఆ పనికి అక్కర్లేని పెన్‌డ్రైవ్‌లు, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లు అన్నీ ఊడదీసేయండి. తర్వాత పని చేయాల్సిన డిస్క్ లేకుండా ఒకసారి లిస్ట్ డిస్క్ కొట్టండి. డిస్క్ పెట్టి ఇంకోసారి కొట్టండి. కొత్తగా చేరిన వరుసే మీది. వెంటనే కనిపించకపోతే రీస్కాన్ అని కొట్టి మళ్ళీ చూడండి. ఆ తర్వాత దాన్ని ఎంచుకోండి, మీ నంబరు 1 అనుకుంటే:

సెలెక్ట్ డిస్క్ 1
డీటెయిల్ డిస్క్

డీటెయిల్ డిస్క్ ఇచ్చే సమాచారం బంగారం. పైన డిస్క్ మోడల్ పేరు ఉంటుంది, దాన్ని డిస్క్ మీది స్టిక్కర్‌తో పోల్చండి. టైప్ దగ్గర యూఎస్‌బీయా, సాటాయా, ఎన్‌వీఎంఈయా అని చెప్తుంది. చివరి రెండూ మామూలుగా కంప్యూటర్ లోపల ఉండే డిస్క్‌లు. ఎక్స్‌టర్నల్ డిస్క్ అనుకున్నది సాటా అని చూపిస్తే ఆగిపోండి. బూట్ డిస్క్ అనేచోట ఎస్ అని ఉంటే అది విండోస్ నడుస్తున్న డిస్క్. కింద అందులోని భాగాల డ్రైవ్ అక్షరాలు, పేర్లు ఉంటాయి. అవి మీకు తెలిసినవేనా? అన్నీ కలిస్తేనే ముందుకి. మధ్యలో లేచి వెళ్ళాల్సి వస్తే, తిరిగి వచ్చాక మళ్ళీ మొదటి నుంచి చూడండి.

కొత్త డిస్క్‌ని భాగాలు చేయడం

1 టీబీ కొత్త డిస్క్, లోపల ఏమీ లేదు. తెలుగు పనికి 200 జీబీ, ఒడియా పనికి 200 జీబీ, మిగిలినది బ్యాకప్‌కి అనుకుందాం. ఇంతకంటే ఎక్కువ ముక్కలు చేయొద్దని నా సలహా. ఐదారు భాగాలు చేసినవాళ్ళు ఏడాది తిరిగేసరికి ఒక దాంట్లో చోటు చాలక, ఇంకో దాంట్లో 100 జీబీ ఊరికే ఉండి అవస్థ పడటం చాలాసార్లు చూశాను. ఫోల్డర్‌తో జరిగే పనికి పార్టిషన్ అక్కర్లేదు.

ముందు పాత పట్టిక చెరిపేయాలి:

క్లీన్

తర్వాత కొత్త పట్టిక పద్ధతి:

కన్వర్ట్ జీపీటీ

డిస్క్ ఖాళీగా ఉంటేనే కన్వర్ట్ ఒప్పుకుంటుంది, అందుకే క్లీన్ ముందు. ఇప్పుడు మొదటి భాగం. సైజు ఎంబీల్లో చెప్పాలి. 1 జీబీ అంటే 1024 ఎంబీ, కాబట్టి 200 జీబీకి 204800.

క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ సైజ్=204800

ఈక్వల్ గుర్తుకి అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. ఇది కొట్టగానే ఒక్కోసారి పక్కన ఇంకో కిటికీ వచ్చి, డిస్క్‌ని ఫార్మాట్ చేయాలా అని అడుగుతుంది. దానికి క్యాన్సిల్ చెప్పండి, ఫార్మాట్ మనమే ఇక్కడ చేస్తాం. కొత్తగా పుట్టిన భాగమే ఇప్పుడు ఎంపికై ఉంటుంది, విడిగా సెలెక్ట్ చేయక్కర్లేదు.

ఫార్మాట్ ఎఫ్ఎస్=ఎన్‌టీఎఫ్ఎస్ లేబుల్=తెలుగు క్విక్
అసైన్ లెటర్=టీ

ఎఫ్ఎస్ అంటే ఫైల్ సిస్టమ్, భాగంలో ఫైళ్ళని సర్దే పద్ధతి. ఎన్‌టీఎఫ్ఎస్ విండోస్ మామూలుగా వాడేది. లేబుల్ అంటే మనం పెట్టే పేరు. రెండు మాటలైతే కొటేషన్ గుర్తుల మధ్య రాయాలి. డ్రైవ్ అక్షరాలు కూడా నేను అర్థం ఉండేలా ఇస్తాను: తెలుగుకి టీ, ఒడియాకి ఓ, బ్యాకప్‌కి బీ. అప్పుడు షాపులో కొత్తగా చేరిన కుర్రాడు కూడా ఫైలు తప్పుచోట పెట్టడు. క్విక్ అనే మాట తీసేస్తే డిస్క్ అంతా చెడిపోయిన చోట్ల కోసం వెతుకుతుంది. 1 టీబీకి గంటలు పడుతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న డిస్క్ అయితే ఆ గంటలు పెట్టడమే మంచిది. రాత్రి పెట్టి పొద్దున చూసుకోండి.

రెండో భాగానికి ఇవే మూడు కమాండ్లు, పేరూ అక్షరమూ మార్చి. మూడో భాగానికి సైజ్ అనే మాటే రాయకండి:

క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ

సైజు చెప్పకపోతే మిగిలిన చోటంతా తీసుకుంటుంది. ఆ తర్వాత ఫార్మాట్, అసైన్ ముందులాగే. అయ్యాక లిస్ట్ పార్టిషన్ కొట్టి చూడండి. మన మూడింటికి ముందు రిజర్వ్‌డ్ అని చిన్నది ఇంకోటి కనిపిస్తుంది. జీపీటీ చేసినప్పుడు విండోస్ తన కోసం ఉంచుకునే జాగా అది, వదిలేయండి.

ఒక తేడా గమనించండి. ఇదే డిస్క్ మీద విండోస్ కూడా ఎక్కించాలనుకుంటే భాగాలు ఇలా చేతితో చేయకండి. క్లీన్, కన్వర్ట్ జీపీటీ వరకు చేసి ఆపి, ఇన్‌స్టాల్ స్క్రీన్‌కి తిరిగి వచ్చేయండి. సీకి కావలసినంత సైజు అక్కడ ఇస్తే తనకి కావలసిన చిన్న భాగాలన్నీ విండోసే చేసుకుంటుంది. డిస్క్‌లో ఎంబీఆర్ పట్టిక ఉంది, ఇందులో ఎక్కించలేను అని ఇన్‌స్టాల్ మొరాయించినప్పుడు మందు కూడా ఇదే. కాకపోతే క్లీన్ కొడితే అందులో ఉన్నవన్నీ పోతాయి, పాత ఫైళ్ళు ముందే తీసుకోవాలి.

పెన్‌డ్రైవ్ చిన్నదైపోతే

32 జీబీ పెన్‌డ్రైవ్‌తో విండోస్ గానీ లినక్స్ గానీ ఎక్కించిన తర్వాత ఒక్కోసారి అది కొన్ని ఎంబీలే చూపిస్తుంది. పాడైందని పారేసేవాళ్ళున్నారు. డిస్క్ గుర్తుపట్టే పని ముందు చెప్పినట్టే చేసి, ఈ వరుస కొట్టండి:

క్లీన్
క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ
ఫార్మాట్ ఎఫ్ఎస్=ఎఫ్ఏటీ32 క్విక్
అసైన్

జిరాక్స్ మెషీన్లు, పాత టీవీలు, కారు స్టీరియోలు చాలావరకు ఎఫ్ఏటీ32నే చదువుతాయి. కానీ అందులో 4 జీబీకి మించిన ఒక్క ఫైలు పట్టదు. పెళ్ళి వీడియోలు మోయాలంటే ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకోండి. 64 జీబీ, అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్‌లకి కూడా ఎక్స్‌ఫ్యాటే సులువు, ఎందుకంటే చాలా విండోస్ వెర్షన్లు 32 జీబీ దాటిన భాగాన్ని ఎఫ్ఏటీ32 చేయడానికి ఒప్పుకోవు.

రైట్ ప్రొటెక్టెడ్ అని వస్తే ముందు పక్కన చిన్న స్విచ్ ఉందేమో చూడండి. లేకపోతే:

ఆట్రిబ్యూట్స్ డిస్క్ క్లియర్ రీడ్‌ఓన్లీ

దీనితోనూ కదలకపోతే ఆ పెన్‌డ్రైవ్ లోపలి చిప్ అలిసిపోయి తనే తాళం వేసుకుని ఉండవచ్చు. ఫైళ్ళు చదవగలిగితే కాపీ చేసుకుని కొత్తది కొనండి.

నడుస్తున్న సీ డ్రైవ్ నుంచి చోటు తీయడం

ఎక్కువమందికి కావలసింది ఇదే. విండోస్ నడుస్తోంది, ఫైళ్ళన్నీ సీలో ఉన్నాయి, ఏదీ పోకుండా 100 జీబీ విడదీయాలి. ముందు ఇది:

లిస్ట్ వాల్యూమ్

ఇందులో అక్షరాలు కనిపిస్తాయి కాబట్టి సీ ఏ నంబరో తెలుస్తుంది, చివరి గడిలో బూట్ అని కూడా ఉంటుంది. ఆ నంబరు 0 అయితే:

సెలెక్ట్ వాల్యూమ్ 0
ష్రింక్ క్వెరీమ్యాక్స్

రెండో కమాండ్ ఏమీ మార్చదు. ఎంత వరకు తీయవచ్చో లెక్క మాత్రం చెప్తుంది. ఇక్కడ చాలామంది నిరాశపడతారు. సీలో 300 జీబీ ఖాళీ ఉంటుంది, ఇది 40 జీబీయే ఇస్తానంటుంది. కారణం ఇది: ష్రింక్ ఎప్పుడూ భాగం చివర నుంచే కోస్తుంది, మధ్యలో ఎంత ఖాళీ ఉన్నా తీయలేదు. చివర్లో ఉన్న మామూలు ఫైళ్ళని ముందుకి జరుపుతుంది. కానీ కొన్ని సిస్టమ్ ఫైళ్ళు నడుస్తున్న విండోస్‌లో కదలవు. హైబర్నేషన్ ఫైలు, పేజ్ ఫైలు, సిస్టమ్ రీస్టోర్ దాచుకున్న నకళ్ళు. పొలం చివర బావి ఉంటే గట్టు బావికి అవతలే వేయాలి కదా, అలాగ.

వాటిని తాత్కాలికంగా పక్కకి తీయవచ్చు. డిస్క్‌పార్ట్ నుంచి ఎగ్జిట్ కొట్టి బయటికి వచ్చి, అదే నల్ల కిటికీలో పవర్ అనే మాటకి సీ ఎఫ్ జీ అక్షరాలు అంటించి, ఖాళీ వదిలి /హెచ్, మళ్ళీ ఖాళీ వదిలి ఆఫ్ అని కొట్టండి. హైబర్నేషన్ ఫైలు పోతుంది. సిస్టమ్ ప్రొటెక్షన్‌లో సీకి రీస్టోర్ ఆపేయండి. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద వర్చువల్ మెమరీని నో పేజింగ్ ఫైల్ చేయండి. రీస్టార్ట్ అయ్యాక మళ్ళీ క్వెరీమ్యాక్స్ చూస్తే చాలాసార్లు అంకె బాగా పెరుగుతుంది. పని ముగిశాక ఈ మూడింటినీ మళ్ళీ ఆన్ చేయడం మర్చిపోవద్దు. ముఖ్యంగా ర్యామ్ తక్కువ ఉన్న కంప్యూటర్లో పేజ్ ఫైలు లేకపోతే పేజ్‌మేకర్, ఫోటోషాప్ రెండూ తెరిచిన గంటలో మొరాయిస్తాయి.

ఇప్పుడు 100 జీబీ తీద్దాం:

ష్రింక్ డిజైర్డ్=102400

కొంచెం సేపు కదలిక కనిపించకపోవచ్చు. కిటికీ మూయకండి. అయ్యాక సీ ఉన్న డిస్క్‌ని సెలెక్ట్ డిస్క్‌తో ఎంచుకుని, ముందు చెప్పినట్టే క్రియేట్, ఫార్మాట్, అసైన్. ఇక్కడ పొరపాటున కూడా క్లీన్ కొట్టకూడదు. సీకి ఎంత ఉంచాలని అడిగితే, విండోస్‌కీ సాఫ్ట్‌వేర్లకీ కలిపి 150 జీబీకి తగ్గించొద్దంటాను. అప్‌డేట్లు రానురాను చోటు తింటాయి. ష్రింక్ ఎన్‌టీఎఫ్ఎస్ భాగాల మీదే పనిచేస్తుంది. ఎఫ్ఏటీ32, ఎక్స్‌ఫ్యాట్ డిస్క్‌ల మీద ప్రయత్నించి సమయం పోగొట్టుకోకండి.

పాత ల్యాప్‌టాప్‌లలో ఇక్కడ ఒక గొయ్యి ఉంది. అది ఎంబీఆర్ డిస్క్ అయి, కంపెనీవాళ్ళే నాలుగు ప్రైమరీ భాగాలు చేసి ఇచ్చి ఉంటే ఐదోది పుట్టదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మౌస్‌తో ప్రయత్నిస్తే డిస్క్‌ని డైనమిక్ చేయనా అని అడుగుతుంది. చేయొద్దు. డైనమిక్ అయ్యాక మామూలు డిస్క్‌గా వెనక్కి తేవాలంటే విండోస్ సొంత పద్ధతిలో అన్నీ చెరపాల్సిందే. మూడే ఉంటే మాత్రం దారి ఉంది: క్రియేట్ పార్టిషన్ ఎక్స్‌టెండెడ్ అని ఒక పెద్ద గూడు చేసి, అందులో క్రియేట్ పార్టిషన్ లాజికల్ అని కావలసినన్ని చేసుకోవచ్చు.

చోటు కలపడం

ఎక్స్‌టెండ్

భాగాన్ని సెలెక్ట్ చేసి ఇది కొడితే పక్కన ఉన్న ఖాళీ కలిసిపోతుంది. పక్కన అంటే ఆ భాగానికి వెంటనే తర్వాత ఉండాలి. ఎడమ పక్కన ఉన్నది పనికిరాదు, మధ్యలో ఇంకో భాగం అడ్డం ఉన్నా పనికిరాదు. సీ వెనకాలే 500 ఎంబీ నుంచి 1 జీబీ దాకా ఉండే రికవరీ భాగం సాధారణంగా అలా అడ్డం పడుతుంది. ఓవర్‌రైడ్ అనే మాట చేర్చి దాన్ని చెరపమని ఎక్కడో చదివి వస్తారు. చెరపవచ్చు, కానీ విండోస్ తెరుచుకోని రోజు బాగుచేసే సామాను ఆ గదిలోనే ఉంటుంది. చోటు కోసం దాన్ని పోగొట్టుకోవడం నాకు నచ్చదు. ఖాళీని వేరే డ్రైవ్‌గా చేసుకుని సీలోని బరువు ఫోల్డర్లు అందులోకి మార్చుకోండి.

ఒక భాగాన్ని పూర్తిగా తీసేయాలంటే లిస్ట్ పార్టిషన్, సెలెక్ట్ పార్టిషన్ నంబరు, ఆ తర్వాత డిలీట్ పార్టిషన్. ఇదీ ఎస్సా నోనా అని అడగదు.

డిస్క్ అమ్మేటప్పుడు, పాత కంప్యూటర్ మార్చేటప్పుడు మాత్రం క్లీన్ సరిపోదు. అది పట్టికనే చెరుపుతుంది. కస్టమర్ల ఆధార్ కాపీలు, ఫోటోలు, సంతకాలు లోపలే ఉండిపోతాయి, తెలిసినవాడు బయటికి తీస్తాడు. హార్డ్ డిస్క్ అయితే క్లీన్ ఆల్ కొట్టండి, ప్రతి గడిలోనూ సున్నా రాస్తుంది. గంటల పని. అయినా మనల్ని నమ్మి కాగితాలు ఇచ్చినవాళ్ళ కోసం అది చేయాలి.

పొరపాటు జరిగితే

తమ్ముడి డిస్క్ సంగతికి వస్తాను. క్లీన్ కొట్టానని తెలిసిన క్షణం నేను చేసిన మంచి పని ఒక్కటే, డిస్క్ మీద ఇంకేమీ రాయలేదు. కొత్త భాగం చేయలేదు, ఫార్మాట్ చేయలేదు, చెక్ చేయించలేదు. కేబుల్ ఊడదీసి పక్కన పెట్టాను. పట్టిక పోయినా పొలాలు అక్కడే ఉన్నాయని మొదట్లో చెప్పాను కదా. టెస్ట్‌డిస్క్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది డిస్క్ పొడుగునా వెతికి, పాత భాగాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో ఆనవాళ్ళు పడుతుంది. దాన్ని వేరే కంప్యూటర్లో పెట్టి, ఈ డిస్క్‌ని తగిలించి అనలైజ్ నొక్కాను. పాత భాగం దొరికింది. దాని పేరు అచ్చంగా తమ్ముడు పెట్టిన పేరే. ఫైళ్ళ జాబితా తెరిచి ఫోల్డర్లు కనిపిస్తున్నాయని చూసుకున్నాక, ముందు వాటిని వేరే డిస్క్‌లోకి కాపీ చేశాను. ఆ తర్వాతే పట్టికని తిరిగి రాయించాను. ఈ క్రమం తిప్పకండి. ఫైళ్ళు చేతికి రాకముందు పట్టిక బాగుచేయాలని చూడకూడదు.

అది తిరిగే పళ్ళాలున్న హార్డ్ డిస్క్, క్లీన్ తర్వాత ఏమీ రాయలేదు కాబట్టి దక్కింది. ఎస్ఎస్‌డీ మీద పొరపాటున ఫార్మాట్ కూడా అయిపోతే ఆశ చాలా తక్కువ. ఖాళీ అయిన గడులని ట్రిమ్ అనే ఏర్పాటుతో డిస్క్ తనంతట తానే తుడిచేస్తుంది. డిస్క్‌లోంచి టకటక శబ్దం వస్తుంటే సాఫ్ట్‌వేర్ జోలికే వెళ్ళకండి, వెంటనే కరెంటు తీసి డేటా రికవరీ తెలిసినవాళ్ళకి ఇవ్వండి.

పని అంతా అయ్యాక ఎగ్జిట్ కొట్టి బయటికి రండి. లిస్ట్ డిస్క్, లిస్ట్ వాల్యూమ్ చూపించిన స్క్రీన్లని ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకోండి. డిస్క్ మీద ఒక స్టిక్కర్ అంటించి, ఎవరిది, ఏ పేరు, ఏ తేదీన భాగాలు చేశారు అని మార్కర్ పెన్నుతో రాయండి. మా షాపుకి వచ్చే ప్రతి ఎక్స్‌టర్నల్ డిస్క్‌కీ ఇప్పుడు వచ్చిన నిమిషంలోనే కస్టమర్ పేరుతో స్టిక్కర్ పడుతుంది. తమ్ముడు తన మూడు డిస్క్‌లకీ మూడు రంగుల స్టిక్కర్లు తనే వేసుకుని తెస్తున్నాడు.